తెరచాప ఓడలో పీపా నీళ్లు

నాయనమ్మ ఒక ప్రశ్న అడిగి రమ్మనడం వల్ల నేను మద్రాసు హార్బరు చూశాను. లేకపోతే చింతాద్రిపేటలో పుట్టి పెరిగి కూడా, ఓడల సంగతి పుస్తకాల్లో చదువుకుని ఊరుకునేదాన్ని.

మా తాతయ్య ఒక వర్తకుడి దగ్గర గుమాస్తా. సరుకుతోపాటు తెరచాప ఓడలో రంగూన్ వెళ్తూ నడి సముద్రంలో జ్వరంతో పోయారు. అప్పటికి మా నాన్న ఉయ్యాలలో ఉన్నారట. ఇంటికి తాతయ్య మరచెంబు ఒక్కటే తిరిగి వచ్చింది. అలాంటి ఓడే కాకినాడ నుంచి కలపతో వచ్చిందనీ, చూడటానికి పాసు సంపాదిస్తాననీ మామయ్య చెప్పాడు. వెళ్లే రోజు నాయనమ్మ ఆ చెంబు నిండా మా బావి నీళ్లు పోసి మూత బిగించింది.

"ఆడ ఎవురి నీళ్లూ తాగబాక. ఒక్క మాట మాత్రం అడుక్కోని రా. పొయ్యేటప్పుడు ఆయన నోట్లో ఎవురన్నా చుక్క నీళ్లు పోసుంటారా అని."

ఏడున్నరకు మౌంట్ రోడ్డులో ట్రాము ఎక్కాం. పక్కనావిడ నా ఒళ్లోని చెంబు చూసి, "హార్బరుకా పాపా? రంగూన్ నుంచి ఎవురన్నా వస్తా ఉండారా?" అంది. ఎవరూ రావడం లేదన్నాను. "మేము యుద్ధంలో ఆడ్నించి నడిచే వచ్చేసినాము. మాకు ఓడలో చోటు యాడిది!" అని నవ్వింది.

హైకోర్టు దగ్గర దిగి, హోటల్లో ఇడ్లీ, కాఫీ ముగించి, హార్బరు గేటులో పాసు చూపేసరికి తొమ్మిదైంది.

పెద్ద ఆవిరి ఓడలన్నీ దాటాక ఒక మూలగా ఉంది మా ఓడ. పొగగొట్టం లేదు, ఇనుము దాదాపు లేదు. రెండు పొడవాటి కొయ్యలు, వాటికి చుట్టిన తెరచాపలు, అడుగు నుంచి పైదాకా తారు, చేపనూనె వాసన. చెప్పులు గట్టు మీదే విడిచి, ఊగే పలక మీదుగా ఎక్కాం. ఓడకు పెద్దను తండేలు అంటారు. ఈ తండేలు అరవై దాటిన మనిషి. నన్ను ఒక మోకు చుట్ట మీద కూర్చోబెట్టాడు.

ఎక్కడ పడుకుంటారని అడిగాను. "సరుకు ఎక్కడ చోటిత్తే అక్కడేనమ్మా," అన్నాడు. వంట ఇసుక నింపిన చెక్కపెట్టెలో పొయ్యి పెట్టి చేస్తారట. గాలి ముదిరితే ఆ పొయ్యి కూడా వెలిగించరు, అటుకులతో సరిపెట్టుకుంటారు. రాత్రిపూట దారి చుక్కలు చూపిస్తాయట. అన్నీ అడుగుతున్నానే గాని, నాయనమ్మ మాట మాత్రం వెనక్కి నెడుతున్నాను.

"అడగవే!" అని మామయ్య గొణిగాడు. "డైరీలో అయితే పేజీలు పేజీలు వాగుతావు."

ఇంతలో తండేలు పక్కనున్న చెక్క పీపాలోంచి కొబ్బరిచిప్ప గరిటెతో నీళ్లు ముంచి ఇవ్వబోయాడు. నేను కంగారుగా, "వద్దండీ, మా నీళ్లు తెచ్చుకున్నాం," అని చెంబు చూపించాను. ఓడవాళ్లంతా ఘొల్లుమన్నారు.

"అత్తోరింటికెళ్తన్నారేటో, నీళ్లు కూడా మూటగట్టుకొచ్చేరు!" అన్నాడొకడు.

తండేలు మాత్రం నెమ్మదిగా చెప్పాడు. "ఓడలో ఎవరి నీళ్లు ఆళ్లవి కావమ్మా. ఎక్కినోళ్లు తెచ్చిందంతా ఈ పీపాలో పొయ్యాల. అందరూ ఇందులోయే తాగాల. లేపోతే నీళ్లకాడే కొట్టుకు సత్తారు."

"మా తాతయ్య కూడా ఈ చెంబే తెచ్చుకున్నారు," అన్నాను. ఆ తర్వాతి మాట దానంతటదే వచ్చేసింది. "ఆయన ఓడలోనే పోయారు. నోట్లో నీళ్లు ఎవరైనా పోసి ఉంటారా?"

తండేలు చెంబు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ ఓడ నాకు తెల్దు. నానెరిగిన ఓడలన్నిట్లో మాత్రం పద్ధతొకటే. పోయేవోడి నోట్లో తండేలే పొయ్యాల, పీపాలో నీళ్లు. పోయేక కూడా ఆయన వొంతు ఆపం. రేవు సేరేదాకా రోజూ సముద్రంలో పోత్తాం. మాకెంత కరువైనా సరే."

నేను చెంబు మూత తిప్పి మా బావి నీళ్లు పీపాలో పోశాను. గరిటె అందుకుని తాగాను. దిగేటప్పుడు చెంబు నిండా పీపా నీళ్లు అడిగి పోయించుకున్నాను.

తిరుగు ట్రాము ఎక్కేసరికి పన్నెండు దాటింది. "మీ నాయనమ్మ ఇవి ముట్టదు. దోవలో పారబోసెయ్," అన్నాడు మామయ్య. నేను మూత ఇంకొంచెం బిగించాను. ఇలాంటి ఓడలు తగ్గిపోతున్నాయట. చూడదలచినవారు ఎండ ముదరకముందే వెళ్లండి. నీళ్లు తప్పకుండా తీసుకువెళ్లండి, కానీ మీ ఒక్కరి కోసం కాదు.

నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి నేను చెప్పిందంతా వింది. అరచేతిలో కాసిన్ని నీళ్లు పోసుకుని తాగి, మొహం చిట్లించింది.

"చెక్క వాసన. ఆయనకు వాసనలు పడవు."

తర్వాత చెంబెత్తి మిగిలినవి కూడా తాగేసింది.

"దప్పిక మీద తాగే ఉంటారులే," అంది.