మునెమ్మ పెట్టిన జన్నలు

ఈ ఉదయం ఎదురింటి వాళ్లు పాత మట్టిగోడను నీళ్లతో తడిపి పగలగొడుతున్నారు. ఆ తడిమట్టి వాసన మా గదిలోకి వచ్చింది. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే, మునెమ్మ.

ఎనభైల తొలినాళ్లలో అరవనాటి పాపారపట్టిలో మా పెద్దిల్లు చేజారింది. మిగిలింది రెండు గదుల ధాన్యం కొట్టు. లోపలి గదిలో వంట. గింజలకు గాలి సోకకూడదని కట్టిన ఆ గదికి కిటికీ లేదు. రెండు వైపులా ఇతరుల ఇళ్లు, ఒక వైపు మా ముందు గది, మిగిలిన వైపు వీధి. పైగా వండేటప్పుడు తలుపు మూయడం మా వంశాచారం. పరాయి కన్ను కుండలో పడకూడదట. ఒకప్పుడు దిష్టికి జడిసి మూసిన తలుపును, ఇప్పుడు కుండలో ఉన్నది ఒట్టి రాగిసంగటి అని తెలియకూడదని మూసేవాళ్లం. ఆ ఉక్కలో దగ్గి దగ్గి అమ్మ ఒకనాడు పొయ్యి ముందే పడిపోయింది. ఈ పొగలో ఇంకొంతకాలం వండితే మనిషి దక్కదన్నాడు డాక్టరు.

పదిహేడేళ్ల నేను నిచ్చెనెక్కి పొయ్యి పైన నాలుగు పెంకులు తీశాను. ఘనకార్యం చేసినట్టు దిగాను. పొగ కదలలేదు.

మునెమ్మ మా వీధిలోనే ఉండే సిత్తాళు. అంటే మేస్త్రీకి సున్నం, ఇటుకలు మోసి అందించే కూలి. మోసేది ఆడది, తాపీ పట్టేది మగవాడు. అక్కడ అదే కట్టుబాటు. అమ్మ దగ్గు విని ఆమె వచ్చి, తలుపు మూసి, ఊదుబత్తి వెలిగించి నేల దగ్గర పట్టింది. పొగ అక్కడక్కడే తిరిగింది. తలుపు జానెడు తెరిచింది. పొగ పొయ్యి వైపు వాలి పైకి పరుగెత్తింది.

"చూస్తివా పాపా? పోయేదానికి దారి ఇస్తివి. వచ్చేదానికి యాడ ఇస్తివి?"

"తలుపు తీసి వండేది మాకు అలవాటు లేదు," అన్నాను తల ఎగరేసి.

"అట్లయితే జన్నలు పెట్టల్ల. గాలి వీధి పక్కనే ఉండాది."

జన్నలంటే కిటికీ. మా వైపు అందరిదీ ఆ అరవ మాటే. నాన్న చటుక్కున లేచాడు. "మా ఇంట్లో ఏముడికేదీ వీధి చూడల్లనా?"

మునెమ్మ నవ్వింది. "ఉడికేది సంగటని ఊరికంతా తెలుసయ్యా. అమ్మ దగ్గేదీ తెలుసు. తెలవనట్ల ఉండేది మీరొక్కరే."

"సరే, మేస్త్రీని అడిగి చూస్తాం," అన్నాను నేను.

"వాడెందుకు? ముప్పై ఏండ్లు వానికి అందిస్తానే చూసినాను. వాడు వంకరగా కట్టినా మేస్త్రీనే. నేను నేరుగా కట్టినా సిత్తాళే. ఇది యా ఊరి న్యాయం?"

గడ్డపార నేనే తెచ్చాను. నాన్న గోడకు అడ్డంగా నిలబడ్డాడు. లోపలి నుంచి అమ్మ గొంతు వచ్చింది. "జరగండి. నాకు ఊపిరాడలే."

ఆయన జరిగాడు.

మట్టిగోడను తడిపి పగలగొట్టి, మోకాలెత్తున చిన్న జన్నలు పెట్టాం. తాపీ మునెమ్మ చేతిలో ఉంది, సున్నం నేను మోశాను. దారిన పోతున్న మేస్త్రీ ఆగాడు. "ఏం మునెమ్మక్కా, రేపటి నుంచి నేను తట్ట మోయల్లనా?"

"మొయ్యి నాయనా. కూలి మాత్రం ఆడకూలే!"

మరునాడు సంగటి కెలికినంతసేపూ అమ్మ రెండుసార్లే దగ్గింది. వీధిలో ఒకామె వంగి చూసి, "సంగటేనా?" అని మూతి తిప్పింది. నాన్న తల దించుకొన్నాడు. అమ్మ దించుకోలేదు.

"సంగటే. రా, నీకూ ఒక ముద్ద పెడతాను."

నేను ఎవరి ముందూ వెన్ను వంచనని, అది పెద్దింటి రక్తమని చుట్టాలు ఇప్పటికీ అంటారు. ప్రతిసారీ కాదంటాను. పెద్దింటి రక్తం తలుపులు మూసుకొని కూర్చుంది. నిటారుగా నిలబడటం నేను నేర్చుకొన్నది, ముప్పై ఏళ్లు నెత్తిన సున్నపు తట్ట మోసిన మనిషి దగ్గర.