గోతాంలోంచి బయటికొచ్చిన బాకా

కొండల్లోని నరీన్ ఊళ్ళో సైనిక బ్యాండు అంటే జనానికి గౌరవమూ ఉంది, కాస్త బెరుకూ ఉంది. పండగకు వాయించేదీ వాళ్ళే, సైనికుడు పోతే శవపేటిక ముందు నడిచేదీ వాళ్ళే. గొర్రెల కాపరి ఒమూర్జాక్‌కు ఎప్పుడూ ఆ రెండోదే గుర్తొచ్చేది. కూతురు కెంజెగుల్ రాజధాని బిష్కెక్‌లో నాలుగేళ్ళు ట్రంపెట్ నేర్చుకుని, ఇరవై రెండో ఏట దండు బ్యాండులో చేరిందని తెలిసిన రోజు ఆయన గుర్రం దిగకుండానే అరిచాడు.

"లోకంలో ఇంక ఉద్యోగాలే లేవా? చావుల దగ్గర బాకా ఊదుతావా?"

"నేను పెళ్ళిళ్ళలో పాడితే మాత్రం మురిసిపోతావు గదా నాన్నా!"

"అది వేరు, ఇది వేరు. ఇంటికొచ్చేటప్పుడు దాన్ని గోతాంలో పెట్టుకు రా. నలుగురూ చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

సరేనంది. సెలవుకు వచ్చినప్పుడల్లా ట్రంపెట్ పెట్టెను పిండి గోతాంలో దూర్చి, తమ ఊరు అత్‌బాషిలో బస్సు దిగి, ఎవరైనా ఏంటని అడిగితే "పిండి" అని చెప్పి నడిచేది. అబద్ధమాడినందుకు ఆమెకు బాధ లేదు. తన ప్రాణమంతా పెట్టుకున్న వస్తువుకు గోతాం ముసుగు వేయాల్సి వచ్చినందుకే కడుపు మండేది.

బ్యాండులో పదిహేడు మంది ఉంటే ఆడపిల్ల ఆమె ఒక్కతే. ముందు మూడు నెలలు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. ఆ మూడు నెలలూ జనవరిలో, కొత్త సైనికులు ప్రమాణం చేసే రోజుతో ముగుస్తాయి. ఆరోజు వాయించే కవాతు పాట మధ్యలో ట్రంపెట్ ఒక్కటే పలికే భాగం ఉంది. బ్యాండ్ మాస్టర్ మేజర్ ఎసెన్‌కులోవ్ దాన్ని ఆమెకే ఇచ్చాడు.

"బాగా వాయిస్తే ఉంటావు. లేకపోతే అత్‌బాషి బస్సు రోజూ ఉంది" అన్నాడు. ఆయన మంచి మాట చెప్పినా చీవాట్లు పెట్టినట్టే ఉంటుంది.

మేనల్లుడు ప్రమాణం చేస్తున్నాడని ఒమూర్జాక్ కూడా బయల్దేరాడు. కూతురి కోసం కాదని బస్సులో పక్కవాడికి చెప్పుకుంటూ మరీ వచ్చాడు.

ముందురోజు ట్యూబా అనే లావుపాటి బాకా వాయించే పెద్దాయన దూరాన్ ఆమెకు జాగ్రత్త చెప్పాడు. "అమ్మాయ్, మౌత్‌పీస్ ఊడదీసి గుండెల దగ్గర దాచుకో. చల్లబడితే పెదవి అంటుకుపోయి తోలు ఊడొస్తుంది."

"అలాగే అన్నా."

మిగతాది ఆయన చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఇంకొకరికి తెలియకపోవచ్చని ఆయనకు తోచలేదు.

తెల్లారేసరికి సున్నాకు కింద ఇరవై రెండు డిగ్రీలు. మంచు పడుతోంది. కవాతుకు అరగంట ముందు అందరూ వాద్యాలను పొయ్యి లేని వసారాలో పెట్టేసి టీకి లోపలికి వచ్చారు. కెంజెగుల్ ప్రాణం ఉసూరుమంది. వీళ్ళకు వాద్యమంటే ఇంతేనా అనుకుంది. వాళ్ళింట్లో చలికాలం గొర్రెపిల్ల పుడితే నాన్న కోటు లోపల పెట్టుకుని తెచ్చేవాడు. తనూ అంతే చేసింది. ట్రంపెట్‌ను గొర్రెతోలు కోటులో దోపి, మెడదాకా గుండీలు పెట్టేసింది. దూరాన్ ఆమె పొట్ట వైపు చూసి, "రొట్టెలు బాగానే లాగించావే!" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

మైదానంలో వరసలో నిలబడ్డాక ట్రంపెట్ బయటికి తీసింది. వెచ్చగా ఉంది. ముచ్చటపడింది. మిగతావాళ్ళ చల్లటి వాద్యాల మీద మంచు పిండిలా నిలిచింది, చేత్తో దులుపుకున్నారు. ఆమె ట్రంపెట్ మీద పడ్డది పడ్డట్టు కరిగి, నీళ్ళయి మీటల సందుల్లోకి దిగింది. రెండు నిమిషాలకు ఆ నీళ్ళు మంచుగడ్డ అయ్యాయి. మూడు మీటలనూ నొక్కి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

అప్పటికే డప్పు మొదలైంది.

మీటలు లేకపోతే ట్రంపెట్‌లో పలికేవి గుప్పెడు స్వరాలే, అవీ పెదాల బిగింపుతో రాబట్టుకోవాలి. ఆమె వాయించాల్సిన భాగంలో మీట నొక్కని స్వరం వెతికినా దొరకదు. ఆమె వేళ్ళు చూసి దూరాన్‌కు సంగతి అర్థమైంది. ఊపిరి తీసుకునే సందులో గొణిగాడు.

"మానెయ్. ఆ ముక్క నేను లాగించేస్తా."

మానేస్తే పరువు దక్కుతుంది, ఉద్యోగం పోతుంది. వాయించి చెడగొడితే రెండూ పోతాయి. అప్పుడే కెంజెగుల్‌కు నాయనమ్మ గుర్తొచ్చింది. పళ్ళ మధ్య మోర్సింగ్ పెట్టుకుని, వేలితో మీటుతూ, గొర్రెల పాలు పితికే పాట వాయించేది ఆ ముసలమ్మ. మోర్సింగ్‌కు మాత్రం మీటలున్నాయా? దానిలో పలికేవీ ఈ గుప్పెడు స్వరాలే.

తన వంతు వచ్చింది. మేజర్ కర్ర ఆమె వైపు తిరిగింది. ఆమె కాగితం మీదున్న పాట వదిలేసి, నాయనమ్మ పాటను కవాతు అడుగుకు సరిపెట్టి ఊదింది. మొదటి స్వరానికి మేజర్ కనుబొమలు లేచాయి, చేతిలో కర్ర మాత్రం ఆగలేదు. కొత్త సైనికుల్లో సగం మంది కొండల పిల్లలే, ఆ పాట వింటూ పెరిగినవాళ్ళే. ఎవరూ తల తిప్పలేదుగానీ వాళ్ళ బూట్ల చప్పుడు బరువెక్కింది. దూరాన్ మంద్రస్వరం పట్టి కిందనుంచి దన్నుగా నిలిచాడు.

జనంలో ఒమూర్జాక్ పక్కవాడి మోచెయ్యి పట్టేసుకున్నాడు.

"అది మా అమ్మ పాట! వాయిస్తున్నది నా కూతురు!"

కవాతు అయిపోయింది. బ్యాండు అంతా వసారాలో చేరింది. ఒమూర్జాక్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కాగితం మీద ఆ పాట లేదే?" అన్నాడు మేజర్.

"లేదు, కామ్రేడ్ మేజర్. మీటలు గడ్డకట్టాయి. తప్పు నాదే. కోటులో వెచ్చగా పెట్టుకొచ్చాను."

పదహారు మందీ ఘొల్లుమన్నారు. "అయితే పొద్దున చూసింది రొట్టెల పొట్ట కాదన్నమాట!" అని దూరాన్ కళ్ళు తుడుచుకున్నాడు.

"అదేమన్నా గొర్రెపిల్లా, కోటులో పెట్టడానికి? వాద్యం చలిలోనే ఉండాలి!" మేజర్ గద్దించాడు. "బుర్ర ఉన్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు." చేతి తొడుగులు విప్పుకుంటూ అన్నాడు. "మీటలు పోయాక అలా వాయించినవాణ్ణి కూడా నేను చూళ్ళేదు. సోమవారం వచ్చి సంతకం పెట్టు."

కెంజెగుల్ సెల్యూట్ చేసింది.

రెండు రోజుల సెలవుకు తండ్రితో ఇంటికి బయల్దేరింది. గేటు దాటాక అలవాటుగా గోతాం విప్పింది.

"అదెందుకు?" అన్నాడు ఒమూర్జాక్. "బాకా ఇటివ్వు."

"పెట్టెలోనైనా పెడదాం నాన్నా, మంచు పడుతోంది."

"చలిలోనే ఉండాలన్నాడు కదా మీ మేజరు!"

తొడుగులు వేసుకున్న రెండు చేతులతో ట్రంపెట్‌ను ఎదురుగా ఎత్తి పట్టుకుని, శనివారం సంత నడిమధ్యలోంచి నడిచాడాయన. సంతకొచ్చిన అత్‌బాషి మాంసం కొట్టువాడు పిలిచాడు. "ఏంటది ఒమూర్జాక్?"

"బాకా. మా అమ్మాయిది. దండులో వాయిస్తుంది."

ఆ తర్వాత అడగనివాళ్ళకూ ఆగి ఆగి చెప్పాడు. బస్సు దగ్గరికి పది నిమిషాల దారి. ఆ రోజు గంట పట్టింది.