పక్కకు జరిగిన అచ్చు

నా చిన్నప్పుడు బోధన్‌లో నాణెం చేతిలో పడగానే దాని మంచిచెడ్డలు తేల్చేసేవాళ్లు వీధికి నలుగురు ఉండేవారు. కొత్త పైసలు వచ్చి మూడు నాలుగేళ్లే అయింది. పాత అణాలు, అంతకన్నా పాత నిజాం నాణేలు ఇంకా బియ్యం డబ్బాల అడుగున దొరికేవి. ఏది నడుస్తుందో, ఏది నడవదో పెద్దవాళ్లకే సరిగా తెలియదు. తెలిసినట్టు మాత్రం గట్టిగా మాట్లాడేవారు. ఆ గందరగోళంలోనే నాకొక అవమానం జరిగింది. ఇన్నేళ్లయినా దాన్ని నేను వదల్లేదు.

ఒక ఆదివారం ఆరాధనలో కానుకల పళ్లెం మా వరుసకు వచ్చింది. మా అవ్వ ఇచ్చిన పది పైసలు అందులో వేశాను. పళ్లెం పట్టుకున్న చర్చి పెద్ద ఆ బిళ్లను రెండు వేళ్లతో పైకి తీసి వెలుతురుకు పెట్టాడు. దాని మీద మూడు సింహాలు నడుమ ఉండాల్సింది పోయి ఒక పక్కకు జరిగి ఉన్నాయి. అంచున ఉన్న సింహం సగమే ఉంది. ఇంకో పక్కన నెలవంకలా ఖాళీ.

"దేవుని పళ్లెంల గూడ ఖోటా పైసనా? మీ బాపు ఫ్యాక్టరీల పోత పోసిండా ఏందే?" అన్నాడు, అందరికీ వినబడేలా.

మా బాపు చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాప్‌లో ఫిట్టరు. జనం నవ్వారు. బాపు తల వంచుకున్నాడు. నాణెం నా ఒళ్లో వచ్చి పడింది. తెల్లవారేసరికి వర్క్‌షాప్‌లో బాపుకు కొత్త పేరు పడింది. టంకసాల ఫిట్టరు.

ఆ పేరును ఎలాగైనా తీసేయించాలని మా పక్కింటి అవుసుల తాత దగ్గరికి పోయాను. ఆయన పుస్తెలు, కాళ్ల కడియాలు చేసేవాడు. వెండి మీద అచ్చు కొట్టడంలో ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పేది కాదు. నాణెం తీసుకుని ముందు చిన్న కాంటాలో ఒక వైపు వేసి, రెండో వైపు మంచి పది పైసల బిళ్ల వేశాడు. ముల్లు కదల్లేదు. ఎవరైనా ఆకురాయితో అరగదీసి ఉంటే బరువు తగ్గేదట. తర్వాత నాణెం తిప్పి చూపించాడు. ఇటువైపు ఏ అంచున ఖాళీ ఉందో అటువైపు కూడా అదే అంచున ఖాళీ ఉంది. టంకసాలలో రెండు వైపులా ఒకే దెబ్బకు పడతాయట. నాకు ఇంకా అర్థం కాలేదు. అప్పుడు ఒక సీసపు రేకు ముక్కను అచ్చు మీద కావాలనే కొంచెం పక్కకు పెట్టి సుత్తెతో ఒక దెబ్బ వేశాడు. అచ్చులోని పువ్వు సగం పడింది, సగం పడలేదు. నా నాణెం లాగే.

"టంకసాలల బిళ్ల జరిగింది, దెబ్బ పక్కకు వడ్డది. గంతే. ఇది అసలు సర్కారు పైసనే బిడ్డా" అన్నాడు.

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. వచ్చే ఆదివారం వచ్చి ఈ మాట అందరి ముందు చెప్పమన్నాను. "మీ గుడికి నేనెన్నడు రాలె. వస్త తియ్" అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే భూతద్దం పెట్టి నాణెం మరోసారి చూసి ఆగిపోయాడు.

"ఇగో, గీ గీత టంకసాలది గాదు. లోపల ఇంక మెరుస్తున్నది. మొన్ననో నిన్ననో మొలతోని గీకిండ్రు. ఎవరు?"

ఆయన తొందరపెట్టలేదు, కుంపటి ఊదుకుంటూ కూర్చున్నాడు. చివరికి నేనే చెప్పాను. శనివారం అవ్వ ఇచ్చిన ఆ నాణెంతోనే పుట్నాలు కొనడానికి పోతే దుకాణం సేటు సీసమేమోనని మేకుతో గీకి చూసి, నడవదని నాణెం విసిరేశాడు. మరునాడు దాన్నే పళ్లెంలో వేశాను.

"సేటు వద్దన్నదాన్ని దేవునికి ఇచ్చినవ్" అని తాత కాసేపు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, వస్తానన్న మాట తప్పనన్నాడు. కానీ అచ్చు సంగతి చెబితే గీత సంగతీ చెప్పాలి, సగం చెప్పడం తన వల్ల కాదన్నాడు.

నాకు అంతా కలగాపులగమైంది. నాణెం మంచిదైతే నేను దేవునికి ఇచ్చింది మంచిదే కదా? కానీ చెడ్డదనుకునే ఇచ్చాను కదా? మరి చర్చి పెద్ద అన్నది తప్పా, ఒప్పా? తాతనే అడిగాను. "గది నా కాంటాల తూగదు బిడ్డా" అన్నాడు.

ఆదివారం వచ్చింది. నేను తాతను పిలవలేదు. ఆ తర్వాతి ఆదివారమూ పిలవలేదు. ఇంట్లోనూ నోరు విప్పలేదు. నాణెం మంచిదని బాపుకు తెలిస్తే ఆయన ఊరుకోడు, ఆ గీత ఎవరు గీశారని ఆరా తీస్తూ దుకాణం దాకా పోతాడని, నా సంగతి బయటపడుతుందని నాకు భయం. టంకసాల ఫిట్టరు అన్న పేరు రిటైరయ్యేదాకా ఆయన వెంటే ఉంది.

పదిమందిలో పసిదాన్ని నిలబెట్టి, నాణెం తూచకుండా తీర్పు చెప్పిన ఆ పెద్దమనిషిని నేను ఈనాటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు. ఆయన తప్పు చేశాడు. నేనేం చేశానన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

కరెంటు బిల్లు మీద, మురికికాలువ మీద, పక్కింటివాళ్ల గోడ మీద నేను రాసినన్ని ఫిర్యాదులు మా వాడలో ఎవరూ రాసి ఉండరు. అయితే రాసే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ గొడవలో నేను చేసిందేమిటో మొదట రాస్తాను. చాలాసార్లు ఆ కాగితం అక్కడికే నిండిపోతుంది.