అవ్వ నాటు పాట ఎవరి సొత్తు

మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. బాపు పోయాక, మోకాళ్లు పట్టేసి నాట్లకు పోలేక, అవ్వ వేములవాడ దగ్గరి ఊరు వదిలి కరీంనగర్‌లో నా దగ్గరికి వచ్చింది. మాది రెండో అంతస్తు. చుట్టూ అన్నీ వేసిన తలుపులే. జీవితమంతా పదిమంది ఆడవాళ్ల నడుమ మాట్లాడుతూ పనిచేసిన మనిషి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా నోరు విప్పడానికి తోడు లేక గోడకు ఆనుకొని కూర్చునేది. "ఏం జేసినవవ్వా ఇయ్యాల?" అని అడిగితే, "ఏం జేస్త బిడ్డా, ఎప్పుడు పొద్దు గూకుతదా అని సూసిన" అనేది.

అందుకే ఆమె పేరున నెట్‌లో వంటల వీడియోల చానెల్ పెట్టాను. గిన్నెకు ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె సర్వపిండి, మొక్కజొన్న రవ్వతో మక్క గట్క, పచ్చిపులుసు. ఆమె చేస్తూ కబుర్లు చెబుతుంది, నేను ఫోన్ పట్టుకుంటాను. చూసేవాళ్లు కొద్దిమందే గానీ, వాళ్లలో అవ్వకు మనుషులు దొరికారు. భైంసా నుంచి ఒకామె ప్రతి వంటకూ రాసేది: "అవ్వా, మా ఇంట్ల గదే చేసిన. పిల్లలు గిన్నె గూడ ఊడ్చిండ్రు." జైనూర్ వైపు పల్లెల్లో సూదిమందులిస్తూ తిరిగే నర్సమ్మ ఒకామె తన కష్టసుఖాలన్నీ చెప్పుకునేది. అవ్వకు చదువు రాదు. నేను చదవాలి, ఆమె జవాబు చెప్పాలి, నేను టైపు చేయాలి. సాయంత్రం నన్ను చెప్పులు కూడా విప్పనిచ్చేది కాదు. "మా భైంసామె ఏమన్నదే?" అని ఎదురొచ్చేది.

ఇక మా తెలివితక్కువతనం చూడండి. మా దగ్గర పెళ్లి వీడియో అంటే, పెళ్లికూతురు నడిస్తే ఒక సినిమా పాట, అప్పగింతలకు ఒక ఏడుపు పాట, నడుమ ఎవరో తీసిన గులాబీల బొమ్మలు. అన్నీ కలిపి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. ఆ పాట ఎవరిదని అడిగిన పాపాన ఎవరూ పోరు. నాకు తెలిసిన వీడియో విద్య అంతా అదే. అవ్వ సర్వపిండి నా ఫోటోలో బొగ్గులా కనబడిందని నెట్‌లోంచి ఎర్రగా కాలిన సర్వపిండి ఫోటో ఒకటి తీసి వీడియో ముందు అంటించాను. ఆ ఫోటో తీసినాయన ఫిర్యాదు చేశాడు. చానెల్‌కు మొదటి హెచ్చరిక పడింది.

పరుగెత్తుకుంటూ మా వీధి చివర ఫోటో స్టూడియో భాయ్ దగ్గరికి పోయాను. "ఫోటోల జోలికి పోకక్కా. పాట పెట్టు. స్పీడ్ జర పెంచితే ఎవల పాటనో ఎతికే మిషన్ గూడ పట్టది. ఫికర్ జెయ్యకు" అన్నాడు. మిషన్ పట్టింది. ఆ సినిమా పాట అవ్వ గొంతు కింద చీమ కుట్టినట్టు గెంతుతూ వినిపించడమే కాక, రెండో హెచ్చరిక కూడా తెచ్చిపెట్టింది. భాయ్‌ని నాలుగు మాటలు అన్నాను. పాపం, ఆయనా పరేషాన్ అయ్యి చాయ్ తెప్పించాడు. మూడోది పడితే చానెల్ మొత్తం తీసేస్తారట. వీడియోలు, వాటి కింద రాసిన మాటలు, ఏదీ మిగలదు.

అప్పటి నుంచి ఉచితంగా వాడుకోదగ్గ ఫోటోలు, పాటలు వెతకడం మొదలుపెట్టాను. ఉచితం అని పైన రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదని, ఇచ్చినవాడు నిజంగా దాని హక్కుదారేనా, తన పేరు చెప్పమన్నాడా, మార్చుకోవచ్చన్నాడా అని కింది చిన్న అక్షరాలన్నీ చదవాలని తెలిసింది. చదివీ చదివీ తల ప్రాణం తోకకొచ్చింది. ఉచిత ఫోటోల్లో సర్వపిండి అని కొడితే పిజ్జా వచ్చింది. మక్క గట్కకైతే ఏదో పాయసం. పోనీ సంగీతమన్నా దొరుకుతుందని, ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చేసిన ఒక పియానో ముక్క తెచ్చి అవ్వకు వినిపించాను.

"గిదేందే, ఎవలో సచ్చిపోయినట్టున్నది?" అంది. "పొయ్యి కాడ గిసోంటి పాటనా? ఆపు, నేనే పాడుత."

పాడింది. వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్నది, వరి నాట్లేస్తూ పాడే నాటు పాట. చేతిలో పిండి ముద్ద, గొంతులో ఊరి పొలం. వెనక ఏ వాయిద్యమూ లేదు. ఇంతకన్నా సొంతం ఏముంటుందనుకొని ధైర్యంగా పెట్టాను. మర్నాడే సందేశం: ఈ పాట ఫలానా మ్యూజిక్ కంపెనీ సొత్తు! వాళ్లెప్పుడో ఆ పాటను డప్పులతో రికార్డు చేసి అమ్ముకున్నారట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది. నాకు వచ్చిన కోపానికి ఫోన్ గోడకేసి కొట్టేదాన్నే, కిస్తీలు తీరలేదని ఆగాను.

"నా పాట నేను పాడితే నేను దొంగనా?" అంది అవ్వ. "వాడేమన్న మాతోని నాట్లేసిండా?"

మెల్లగా విడమర్చి చెప్పాను. ఆ వీడియో తీసేస్తే గొడవ ఉండదు. అది మా పాటేనని ఎదురు రాయవచ్చు, కానీ కంపెనీ మొండికేసి ఫిర్యాదు చేస్తే మూడో హెచ్చరికే. "అప్పుడు నీ భైంసామె ఉండది, నర్సమ్మ ఉండది. తీసేద్దామవ్వా."

అవ్వ పిండి గిన్నె కడిగి బోర్లించి వచ్చింది. "మా అవ్వ పాటను దొంగపాట అని ఒప్పుకొని, నేను వాళ్లతోని ఏం మొఖం పెట్టుకొని మాట్లాడుత? రాయి" అంది.

రాశాను. ఇది నాట్లలో తరాలుగా పాడుకునే పాట, దీనికి ఒక్కరు సొంతదారు లేరు, గొంతు మా అమ్మది, ఎవరి రికార్డునూ వాడలేదు అని. పంపే బటన్ నొక్కాను.

జవాబు వచ్చేదాకా కొత్తది పెట్టాలంటే భయమేసి ఏమీ పెట్టలేదు. పాత వీడియోల కింద అడుగుతూనే ఉన్నారు: అవ్వ ఏది? పానం బాగున్నదా? చదవబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టేది. "వద్దు బిడ్డా. రేపు లేకుంట వోయేటోళ్లతోని ఇయ్యాల మాట్లాడి ఏం ఫాయిద?" మళ్లీ ఆ గోడకే ఆనుకొని కూర్చుంది. వంట కూడా చారు, అన్నం, అంతే. నాకు ఏడుపు వచ్చేది, ఆ కంపెనీ మీద, భాయ్ మీద, అందరికంటే ఎక్కువ నా మీద.

ఆఫీసులో ఉండగా మెయిల్ వచ్చింది. మేము రాసింది ఒప్పుకొని కంపెనీ తన హక్కు వదులుకుంది. కళ్లు తుడుచుకొని మళ్లీ చదివాను. పక్క సీటామె "ఏమైందే?" అంటే "పీడ పోయింది" అన్నాను. సగం పూట సెలవు చెప్పి ఆటో ఎక్కాను. అబ్బ, ఎన్నాళ్లకు గుండె నిండా ఊపిరి పీల్చుకున్నానో.

అవ్వ తలుపు తీసింది. నా మొహం చూసి భయపడింది. నేను నవ్వుతూ ఏడుస్తున్నాను మరి.

"గెలిచినమవ్వా. చానెల్‌కు ఏం గాదు."

"మరి పాట ఎవలదన్నరు?"

"ఎవ్వల ఒక్కలది గాదట. అందరిదట."

"గంతేనా! గిది మా ఊర్ల ఎవల్నడిగినా చెప్పకపోదురా!" అంది. తర్వాత నన్ను కూర్చోబెట్టి, ఆ వీడియో కింద ఈ పాట కావలసినవాళ్లు తీసుకొని వాడుకోవచ్చని రాయమంది. వాడుకున్నవాళ్లు పేరు చెప్పాలా అని అడిగితే, "నా పేరెందుకు? నాట్లేసేటోళ్ల పాట అనమను" అంది.

అలాగే రాశాను. ఫోన్ పక్కన పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. ఇన్ని రోజులుగా చదవకుండా వదిలేసిన వాళ్ల మాటలన్నీ అందులోనే ఉన్నాయి.

"ముందుగాల వాళ్లకు జవాబియ్యి."

"ఏమని రాయాలె?"

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అవ్వ యాడికీ పోలే, ఈడనే ఉన్నదని రాయి."