నున్నక్క వేళ్ళు

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె నున్నక్క. మొగుడు మేస్త్రి. లేతు మీద కొయ్యదిమ్మ బిగించి, తిరుగుతున్న దానికి ఉలి ఆనించి, గిన్నెలూ మూతలూ డబ్బాలూ తీస్తాడు. ఆయన ఉలి వదిలిన చోట ఆమె గరుకు కాగితం అందుకుంటుంది. మేస్త్రి తీసిన గిన్నె చూడ్డానికి బావుంటుంది. నున్నక్క చేతిలోంచి వచ్చిన గిన్నెని పట్టుకున్నవాడికి కింద పెట్ట బుద్ధి కాదు. ఈ మాట మేస్త్రి ముందు అనకండి. ఆయనకూ తెలుసు, కానీ మగమహారాజు కదా, వినడం కష్టం.

వాళ్ళుండేది రెండు గదుల ఇల్లు. వెనక గదిలో వంటా పడకా. ముందు గదిలో కిటికీ కింద లేతు, గోడకి ఉలులు, మూల పొట్టు బస్తాలు, తలుపు పక్కన తయారైన గిన్నెల అర. ఆ ముందు గదిలో ఒక కట్టుబాటు ఉంది. నున్నక్క చెయ్యి పడ్డాక గిన్నెని ఇంకెవరూ ముట్టుకోకూడదు, మేస్త్రి అయినా సరే. తిరుగుతున్న గిన్నెకి ముందు ముతక కాగితం, తర్వాత సన్నది, ఇంకా సన్నది ఆనిస్తుంది. ఆఖరున లేతు ఆపేసి, కొయ్య చారల వెంబడి మెల్లగా చేత్తో రుద్దుతుంది. తిరిగే గిన్నెకి కాగితం పెడితే, అది ఎంత సన్నదైనా, చుట్టూ గుండ్రటి గీతలు వదులుతుంది. వెలుగుకి వంచి చూస్తే అవి కనిపిస్తాయి. నున్నక్క గిన్నెలో అలాంటి గీత ఒక్కటి కూడా ఉండదు. కళ్ళు మూసుకుని వేళ్ళతో గిన్నె లోపల ఒక చుట్టు తడిమి, "అయింది" అంటుంది. అంటే అయిందన్నమాటే.

అలాంటి వేళ్ళు మొద్దుబారాయి.

ముందు తిమ్మిరి అనుకుంది. ఒకరోజు పొయ్యి మీది మూత వట్టి చేత్తో తీసింది. కాలినట్టు తెలియలేదు. తర్వాతెప్పుడో బొబ్బ చూసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. డాక్టరు పరీక్షలు చేయించి, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని చెప్పాడు. "పోయిన స్పర్శ తిరిగొస్తుందని నేను చెప్పలేనమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోండి. చేతులు బాగా అదిరే పనులు పెట్టుకోకండి" అన్నాడు. ఇంటికొచ్చి మొగుడితో, "ఏం లేదండీ, బలానికి మాత్రలిచ్చాడు" అంది.

ఎందుకు దాచింది అంటే, చెబితే పని మానిపిస్తాడని. ముందు గదిలో తన చోటు పోతే ఇక మిగిలేది వెనక గదే. అక్కడ కూర్చుంటే తను ఫలానావాడి పెళ్ళాం, అంతే. నున్నక్క కాదు. ఆ భయం ఆమెకు జబ్బు భయం కన్నా పెద్దదైంది.

వేళ్ళు చెప్పడం మానేశాక చెంపని అడిగింది. మేస్త్రి అటు తిరిగినప్పుడు గిన్నె అంచు చెంపకి రాసుకుని చూసుకునేది. అంచు వరకూ సరే. గిన్నె అడుగుకి చెంప ఎలా చేరుతుంది? అక్కడ అలవాటు మీద, అంచనా మీద రుద్ది వదిలేసేది. మేస్త్రి మాత్రం ప్రతి గిన్నెకీ "బావుంది" అంటూనే ఉన్నాడు. ఆ మాట విని ఆమె ఊపిరి పీల్చుకునేది.

ఇలా ఒక ఏడాది పైనే నడిచింది. ఒకరోజు కాఫీ తాగుతూ మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, చిన్న సాండర్ ఒకటి కొందామా?"

సాండర్ అంటే గరుకు కాగితం బిళ్ళని గిర్రున తిప్పే కరెంటు మిషన్. నున్నక్కకి తెలుసు. గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"ఎవరికి?"

"పని కాస్త తేలికవుతుందనీ..."

"నా పని నాకు బరువైందని మీకెవరు చెప్పారు? ఇక నీ చెయ్యి అక్కర్లేదని సూటిగా అనండి!"

"ఆ మాట నేనన్నానా?"

"అనడానికింకేం మిగిలింది? ఉండండి, చూపిస్తా."

విసురుగా లేచి అర దగ్గరికి వెళ్ళింది. పై గిన్నె తీసి, మొగుడి మొహాన పెట్టి చూపించాలని కిటికీ వెలుగుకి వంచింది. వంచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. గిన్నె లోపల అడుగు నుంచి అంచు దాకా సన్నటి గుండ్రటి గీతలు. ఇంకోటి తీసింది. దాన్లోనూ ఉన్నాయి. ఆ వరస అంతా తీసి చూసింది. ఏ ఒక్క గిన్నెలోనూ ఆఖరు రుద్దు తనది కాదు. తన వెనకాల ఎవరో ప్రతి గిన్నెనీ మళ్ళీ లేతుకెక్కించారు. ఆ ఇంట్లో ఎవరో అంటే ఇంకెవరు!

నున్నక్కకి తల కొట్టేసినట్టయింది. పొట్టు బస్తా మీద కూలబడింది.

"ఎన్నాళ్ళుగా?" అని అడిగింది.

మేస్త్రి నేల చూపులు చూశాడు. "మన గిన్నెలు కొనే కొట్టువాడు ఒకటి వెనక్కి పంపాడు, అడుగున గరుకుందని. అప్పట్నుంచి."

"ఎప్పుడు చేసేవారు?"

"నువ్వు కూరగాయలకి వెళ్ళినప్పుడు. నువ్వొచ్చేలోపు కానిచ్చెయ్యాలి కదా, లేతు ఆపి రుద్దే తీరికేదీ? గబగబా తిప్పి దించేసేవాణ్ణి."

ఆయన భుజం నొప్పికి రాత్రిళ్ళు మందు రాస్తున్నది తనే. ఉలి పట్టీ పట్టీ ఇలా అయిందని ఆ ఉలిని నానా మాటలూ అన్నదీ తనే. అదంతా గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపమూ వచ్చింది.

"మరి బావుంది బావుంది అని ఎందుకన్నారు నాతో?"

"బావోలేదని ఏ నోటితో అననే?"

ఆ మాటకి ఆమె ఏడ్చింది. చాటుకి వెళ్ళలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. "నాకు తెలియట్లేదండీ" అంది. "వేళ్ళకి ఏమీ తెలియట్లేదు. కొయ్యో రాయో కూడా తెలియట్లేదు."

"తెలుసు."

"తెలిస్తే అడగాలిగా!"

"అడిగితే పని మానేస్తావని భయమేసింది."

మానిపిస్తాడని ఆమె, మానేస్తుందని ఆయన. ఇద్దరూ ఒకే భయాన్ని ఏడాది పాటు కడుపులో దాచుకుని, ఒకే కంచం ముందు కూర్చుని అన్నాలు తిన్నారు. నాకైతే ఇద్దరినీ చెరో మొట్టికాయా వెయ్యాలనిపిస్తుంది. ఆయన ప్రేమ లేక అబద్ధమాడలేదు, నిజమే. అయినా ఆ అబద్ధం ఆమెను ఏడాది పాటు వెర్రిదాన్ని చేసింది. అదీ నిజమే.

కాసేపటికి మేస్త్రి అన్నాడు, "నా భుజమూ పడిపోతోంది. మనిద్దరికీ కలిపి ఇంకో చెయ్యి కావాలి. నువ్వే చూసి ఎంచు."

పనిముట్ల కొట్టు వాళ్ళకి పాతదే. కొట్టువాడు ముందు చదరపు సాండర్ ఒకటి చూపించాడు. బల్లచెక్కలకైతే సరే, గిన్నె గుంటలో అది మూలల మీద కూర్చుంటుందని మేస్త్రి పక్కన పెట్టేశాడు. తర్వాత డ్రిల్లుకి బిళ్ళ తగిలించి ఇచ్చాడు. బరువంతా ముందుకి తూగి నున్నక్క మణికట్టు వాలిపోయింది. మూడోది చిన్నది. సన్నటి మెడ, ఆ చివర పక్కకి వంగిన తల, వేగం పెంచి తగ్గించే చక్రం.

"మిషన్ మేస్త్రికేనా అక్కా?" అన్నాడు కొట్టువాడు, మాట కలుపుతూ.

"నాకే" అంది నున్నక్క. "నా వేళ్ళకి స్పర్శ పోయింది. అదిరేదైతే నాకొద్దు. ఆన్ చేసి ఇటివ్వు."

పరాయి మనిషి ముందు ఆ మాట పైకి అనడం అదే మొదలు. మేస్త్రి అర మీద ఉన్న మేకుల డబ్బాలు శ్రద్ధగా చూస్తున్నట్టు నటించాడు. ఆమె ప్రతి మిషన్నీ ఆన్ చేయించి, దాని ఒంటిని మోచేతి మీద ఆనించుకుంది. మోచేతికి ఇంకా తెలుస్తోంది. డ్రిల్లు అదురు భుజం దాకా పాకింది. చిన్నది, వేగం తగ్గిస్తే, పిల్లి గురగురలా ఉంది. బిళ్ళ కింద మెత్తటి స్పాంజి వేయించుకుంది, గిన్నె వంపుకి తగ్గట్టు వంగాలని. "దీనికి బలం తక్కువక్కా" అన్నాడు కొట్టువాడు. "బలం ఉలికి కావాలి నాయనా, నునుపుకి కాదు" అంది.

అంత చూసి కొన్నదా, మొదటి గిన్నె నాశనం చేసింది. ఇన్నాళ్ళూ చెయ్యి నిలకడగా ఉంటే గిన్నె తిరిగేది. ఇప్పుడు గిన్నెతో పాటు బిళ్ళా తిరుగుతుంది. ఆమె చెయ్యి మాత్రం పాత అలవాటు చొప్పున ఒకేచోట నొక్కి నిలబడింది. గుంట పడింది, కొయ్య మాడిన వాసన వచ్చింది. రెండో గిన్నెకి బిళ్ళ మొత్తం ఆనించింది. మిషన్ ఎగిరి చేతిలోంచి జారబోయింది. మేస్త్రి నోరు తెరిచి, ఆమె చూపు చూసి మూసుకున్నాడు. అంతటి మనిషీ చీపురందుకుని పొట్టు ఊడుస్తూ తిరిగాడు.

నేర్చుకోగా నేర్చుకోగా చెయ్యి కుదిరింది. లేతు నెమ్మదిగా తిరగాలి. బిళ్ళ కింది సగమే తగలాలి. అడుగు నుంచి అంచుకీ, అంచు నుంచి అడుగుకీ చెయ్యి పోతూ వస్తూ ఉండాలి. కాగితం అరిగితే మార్చాలి గాని నొక్కకూడదు. ముతక బిళ్ళ తీసి సన్నది పెట్టే ముందు గిన్నె తుడవాలి, లేకపోతే మిగిలిన ఒక్క రవ్వ గీరేస్తుంది. ముక్కుకి గుడ్డ ముందు గొణుగుతూ కట్టుకుంది, తర్వాత అలవాటైంది. లేతు ఆపి చారల వెంబడి రుద్దే ఆఖరు రుద్దు మాత్రం మిషన్‌కి ఇవ్వలేదు.

తనకి నచ్చిన గిన్నె చేతికి వచ్చిన రోజున అన్నీ ఆపేసింది. గిన్నె వెలుగుకి వంచి చూసింది. గీతల్లేవు. కళ్ళు చెప్పగలిగింది అంతవరకే. "అయింది" అనబోయి అనలేదు. లేచి వెళ్ళి గిన్నె మొగుడి చేతిలో పెట్టింది.

"మీరు చూసి చెప్పండి."

మేస్త్రి చేతులు పంచెకి తుడుచుకున్నాడు. ఆమె పని అయిన గిన్నెని ఆమె ఎదుటే తడమడం ఆయనకిదే మొదటిసారి. వేళ్ళు లోపల పెట్టి నెమ్మదిగా తిప్పాడు. "బావుం..." అని ఆగాడు. ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన మళ్ళీ తడిమాడు. వేలు ఒకచోట ఆపాడు.

"ఇక్కడ, అంచు కింద, ఇంకా గరుకుంది."

నున్నక్క కళ్ళు నిండాయి. ఏడాదిగా ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ ఆడని నిజం అది. ఇన్ని "బావుంది"లు విన్నప్పుడు లేని ధైర్యం ఆ ఒక్క మాటతో ఆమెకు వచ్చింది.

"ఎక్కడ? సరిగ్గా చూపించండి."

ఆయన ఆమె వేలు పట్టుకుని ఆ చోట ఆనించాడు. వేలికి ఏమీ తెలియలేదు. ఆ మాటే ఆయనతో చెప్పింది. ఆయన తన వేలు అక్కడే ఉంచితే, దాని పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, గిన్నె మళ్ళీ లేతుకి బిగించి మిషన్ ఆన్ చేసింది.