మనం ఆడని ఆట

సుక్మా బస్సులో నా పక్కన కూర్చున్నాయన గుంతలు దూకే ఫోన్ ఆట కంపెనీ మనిషి. ఆట ఏ జిల్లాలో ఎంత నడుస్తుందో చూస్తాడట.

"డౌన్‌లోడ్ల లెక్క చూస్తే మీ వైపు ఆడేవాళ్ళే లేరు. అందుకే మొదటిదానిలా రెండో భాగం నెట్ లేకుండా నడవదు," అన్నాడు, నా మొహం కూడా చూడకుండా.

"సిగ్నల్ లేని ఊళ్ళల్ల డౌన్‌లోడ్ ఏందన్నా? దోర్నపాల్ సంతల నా దుకాణంల నేనే అందరి ఫోన్లకు ఎక్కిస్తున్న."

"అది లెక్కలోకి రాదు."

ముందు సీట్లో ఒకామె అదే ఆట ఆడుతోంది. ఆయన మెడ చాచి, "ఇప్పుడు దూకమ్మా!" అన్నాడు. ఆమె దూకింది. చప్పట్లు కొట్టి దిగిపోయాడు. ఆ చప్పట్లు నేను మరవను.

రెండో భాగం వచ్చాక ఆమె నా దుకాణానికి వచ్చింది. "ఎక్కించన్నా."

"మీ ఊళ్ళ తెరుచుకోదమ్మా. మొదటిది మనం ఆడనే లేదంట."