వెదురు సందులోంచి దిగిన చెయ్యి

"ఇల్లిల్లూ తిరిగేది కోడిపిల్లలమ్మేవాళ్లు, డాక్టర్లు కాదు" అన్నాడు పెద్ద డాక్టరు, రోగులందరూ వింటుండగా. డాక్టరు దావొన్ చేసిన నేరమల్లా, డ్యూటీ దిగాక మంచం మీంచి లేవలేని ఒక ముసలాయన్ని ఇంటికి వెళ్లి చూసి రావడం. ఆ వారమే ఆమెను పట్నం ఆసుపత్రి నుంచి తీసి, మెకాంగ్‌లో కలిసే ఒక కొండనది ఒడ్డున చిన్న మందుల కేంద్రానికి విసిరేశారు. రోగి గడపకు వెళ్లడం తప్పన్నవాళ్లు, వెళ్లక తప్పని చోటికే పంపారు. కుర్చీలో కూర్చున్న బుర్రలకు అంతకంటే ఏం తడుతుంది!

దావొన్ ఏడవలేదు. సన్నటి పడవ మాట్లాడుకుంది. మందుల పెట్టెకు మైనపుగుడ్డ చుట్టింది. రేవుల్లో చేపలు కడిగే ఆడవాళ్లు ఆమెను చూసి, "సూదొచ్చింది, పిల్లల్ని దాచండే!" అని నవ్వేవాళ్లు.

"మొగుళ్లని దాచుకోండి, వాళ్లే ఎక్కువ ఏడుస్తారు" అనేది.

ఒక వానాకాలం ఉదయం బున్మీ అనే రైతు రేవులోకి పరుగెత్తుకొచ్చాడు. అతని భార్య తిప్‌కి ఇంట్లోనే కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది. తిప్ మాత్రం అన్నం ముట్టడం లేదు, ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది.

ఇంటి మెట్ల దగ్గర వెదురుబద్దలతో నక్షత్రంలా అల్లిన చుక్క కట్టి ఉంది. బాలింత, కింద నిప్పులు పెట్టి ఒళ్లు కాచే మంచం దిగేదాకా పరాయివాళ్లు గడప తొక్కకూడదు. మెట్ల మీద బున్మీ తల్లి ఫెంగ్ అవ్వ అడ్డంగా కూర్చుంది.

"ఒళ్లు కాలిపోతోందటగా అవ్వా?" అంది దావొన్.

"మంచం కింద నిప్పులుంటే కాలక చల్లగా ఉంటుందా? దాని ఒంటికి నిప్పు బాగా పడుతోంది. ఆరుగుర్ని కన్నాను, నాకు తెలీదా?"

"తెలుసులే. ఒక్కసారి చూడనీ."

"చుక్క కనపడ్డం లేదూ? నువ్వు అడుగు పెడితే ఇంటి దేవర బిడ్డ మీద పడుతుంది."

బున్మీ తల్లిని పక్కకు లాగబోయాడు. దావొన్ అతన్ని ఆపి, గుంజల మీద నిలబెట్టిన ఆ ఇంటి కింద నీడలోకి నడిచింది. అక్కడ ఒక మగ్గం, ఒక పంది. తలపైన వెదురుబద్దల నేల.

"ఇంటి కింద నిలబడితే తప్పా అవ్వా?"

"పంది నిలబడుతోందిగా. నువ్వూ నిలబడు."

"తిప్! సందులోంచి చెయ్యి కిందికి వదులమ్మా."

బద్ద పక్కకు జరిగింది. సన్నటి చెయ్యి మోచేతిదాకా దిగింది. నాడి పరుగెడుతోంది. దావొన్ ఆ చేతిని తడిగుడ్డతో తుడిచి, నీడలో అలాగే వేలాడనిచ్చింది.

"అవ్వా, ఇలా రా. నిప్పు వేడయితే ఈ నీడలో చల్లారాలా, వద్దా?"

"చల్లారాలి."

"అయితే ఒక తమలపాకు నములు. అది అయ్యేలోపు ఈ చెయ్యి చల్లారుతుందేమో చూద్దాం."

అవ్వ తీర్పు చెప్పే పెద్దమనిషిలా నిలబడి నమిలింది. ఎర్రగా ఉమ్మి, చెయ్యి పట్టుకుంది. వదిలి, మళ్లీ పట్టుకుంది.

"ఇది మా నిప్పు కాదు" అంది మెల్లగా.

"తిప్ మైలబట్ట వాసనేస్తోందా?"

"చేప కుళ్లినట్టు."

"కడుపులో చీము పడుతోంది. నిప్పులు లాగెయ్యి, నీళ్లు తాగించు. రేపటికి తగ్గకపోతే పడవలో పట్నానికి మోసుకుపోతా. అప్పుడు చుక్కా గిక్కా అన్నావంటే ఊరుకోను."

సూది ఆ చేతికే వేసింది. అవ్వ పైకెక్కి, నిప్పులు తన చేత్తో లాగేసింది.

దావొన్ పడవ ఆ రేవు వదల్లేదు. మర్నాటికి వేడి సగం దిగింది. రోజూ చెయ్యి దిగడం, సూది పడటం. చివరికొక పొద్దున చల్లటి చెయ్యి దిగి, డాక్టరు జుట్టు పట్టుకు లాగింది. పైన తిప్ నవ్వు వినపడింది.

అవ్వా దావొనూ చివరిసారి కలిసింది చుక్క తీసేసిన రోజున; ఆపైన అవ్వ కూతురి ఊరికి వెళ్లిపోయింది. ఆ రోజు డాక్టర్ని ఇంట్లో కూర్చోబెట్టి, అన్నం, చేప వడ్డించి, మణికట్టుకు దీవెనగా తెల్లదారం కడుతూ అడిగింది, "ఆ పూట నన్ను తోసుకుని రాలేదేం?"

"వచ్చేదాన్నే అవ్వా. చెయ్యి చల్లారకపోయాక కూడా నువ్వు వద్దనుంటే, నిన్నూ నీ చుక్కనీ నదిలో ముంచి మరీ వచ్చేదాన్ని. ఆ చేపముక్క ఇలా తే, ఎగువూళ్లో ఎవరికో పురుడొస్తోందట."